ల్యాప్‌టాప్ పట్టికలో తెర సంగతి ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ టెక్నాలజీ పేజీలో ఫొటోగ్రాఫర్లకు పనికొచ్చే ల్యాప్‌టాప్‌లంటూ ఒక పట్టిక వేశారు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ధర, ఆఖర్న గేమింగ్ స్కోరు. పట్టిక పొందికగానే ఉంది. కానీ అది చూసి మా వైపు పెళ్లిళ్లు తీసే కుర్రాడెవడైనా ల్యాప్‌టాప్ కొన్నాడంటే, దాన్ని స్టూడియోలో బల్లమీద పెట్టుకుని కూర్చోవాల్సిందే. సంచిలో వేసుకుని బస్సెక్కేవాళ్లు ముందుగా అడిగే సంగతులు ఒక్కటీ అందులో లేవు.

మాది నరసన్నపేట. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు నా బతుకుతెరువు. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులు, ఎండలు ముదరక ముందు బారువ తీరంలో తాబేలు పిల్లలు, దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమాను జాతర. వీటి ఫొటోలు అప్పుడప్పుడు పత్రికలకి పంపుతాను, డబ్బులకంటే సరదాకే ఎక్కువ. కారు లేదు. దగ్గరికైతే స్కూటీ, దూరమైతే ఆర్టీసీ బస్సు, ఇంకా దూరమైతే ఆమదాలవలసలో రైలు. రెండు కెమెరాలు, లెన్సులు, ఫ్లాషులు అన్నీ వీపు మీదే. ఆ పైన ఎక్కేది ల్యాప్‌టాప్.

మొదట తెర గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతోంది. యాభై, అరవై వేల రూపాయల ల్యాప్‌టాప్‌ల వివరాల్లో అడుగున చిన్నక్షరాలతో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు, చూసినా అదేదో మంచి మార్కే అనుకుంటారు. ఎన్‌టీఎస్‌సీ అనేది తెర ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. మన ఫొటో ల్యాబులు, ఫోన్లు, వెబ్‌సైట్లు మామూలుగా వాడే కొలత 1996లో వచ్చిన ఎస్‌ఆర్‌జీబీ. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపించలేని తెర అన్నమాట. అదే '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే సుమారుగా ఎస్‌ఆర్‌జీబీ మొత్తం చూపిస్తుంది. ఈ రెండింటికీ తేడా దుకాణంలో వాల్‌పేపరు చూస్తే తెలీదు. పెళ్లికూతురి చీర చూస్తే తెలుస్తుంది.

చవక తెరకి ముదురు ఎరుపు చూపించే శక్తి ఉండదు. కెమెరా చక్కగా పట్టిన కుంకుమరంగు పట్టుచీర దాని మీద వెలిసిపోయినట్టు కనబడుతుంది. ఎడిటింగ్ చేసే పిల్లవాడు 'రంగు తక్కువైంది' అనుకుని శాచురేషన్ (రంగు గాఢత) పైకి లాగుతాడు. చీర సర్దుకుందనుకునేలోపు మొహం కూడా ఎర్రబడుతుంది, కానీ అదీ ఆ తెర మీద సగమే కనబడుతుంది. ల్యాబులో అచ్చయి ఆల్బం వచ్చాక చూస్తే పెళ్లికొడుకు జ్వరంతో పీటలమీద కూర్చున్నట్టుంటాడు. మంగళస్నానాల ఫొటోల్లో పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక పెళ్లింట్లో, రెండో అమ్మాయి పెళ్లికి బేరం మాట్లాడ్డానికి వెళ్తే, తల్లి పెద్దమ్మాయి ఆల్బం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వేరే ఊరివాళ్లెవరో తీసిందది. "సూడమ్మా, మా గుంటకి కట్టింది దానిమ్మగింజ రంగు చీర. ఇందుల ఇటికిరాయి నాగుందేటి? ఎవుల్నడిగినా కెమెరా మంచిదే అంతారు" అంది. కెమెరా నిజంగా మంచిదే. ఫోకస్, వెలుతురు ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పాడైంది తర్వాత, ఏదో ఒక తెర ముందు. లక్షన్నర కెమెరా కొన్నవాడు కూడా ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి తెర గురించి అడగడు. అడగాలని వాడికి చెప్పేవాళ్లు లేరు. మీ పట్టికైనా చెప్పాలి కదా.

వెలుగు సంగతీ అంతే. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. 250 నిట్స్ తెర గదిలో బాగానే ఉంటుంది. షామియానా కింద పగటిపూట, తేలినీలాపురంలో చెట్టు కింద, అందులో మన మొహమే కనబడుతుంది తప్ప ఫొటో కనబడదు. కనీసం 400 నిట్స్ ఉంటే పనవుతుంది. తెర మెరవకుండా గరుకు పూత ఉంటే ఇంకా మేలు. ఓలెడ్ తెరల్లో రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు అద్దంలా మెరుస్తాయి. పైగా ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టుకోకపోతే ఉన్న రంగుకంటే ఎక్కువ చూపించి, మనచేత తక్కువ రంగు వేయిస్తాయి. చవక తెర చేసే మోసానికి ఇది తిరగేసిన మోసం.

నేను కొనేటప్పుడు చేసిన పని చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. ఒక పెన్‌డ్రైవ్‌లో నా ఫొటోలే నాలుగు వేసుకెళ్లాను: తలంబ్రాల సమయంలో మధుపర్కాలు, ముదురు ఎరుపు పట్టుచీర, పసుపు రాసిన చేతులు, రాత్రి దీపాల్లో పూలజడ. వాటికి నాకు నచ్చిన ప్రింట్లు కూడా సంచిలో పెట్టుకున్నాను. తెర వెలుగు పూర్తిగా పెంచి, తెరని పచ్చగా మార్చే నైట్ లైట్ ఆపించి, ఒక్కో ల్యాప్‌టాప్ మీద అవే నాలుగూ చూశాను. మధుపర్కాల తెలుపు నీలంగా తిరుగుతోందా, అంచు ఎరుపు తేలుతోందా, జడలో వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయా, నల్లముద్ద అయిపోయాయా? మూత కొంచెం వెనక్కి వంచితే మొహం రంగు మారిపోయేవాటిని అక్కడికక్కడే పక్కన పెట్టేశాను. పెళ్లివారు అయిదారుగురు చుట్టూ నిలబడి చూస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు కనబడితే ఎవరికని జవాబు చెప్పను? దుకాణంలో అబ్బాయి మాత్రం "మేడమ్, ఈ గేమింగ్‌ది తీసుకోండి, దీన్ని మించింది లేదు, కీబోర్డులో లైట్లు కూడా వస్తాయి" అంటూనే ఉన్నాడు.

ఆ గేమింగ్‌ది చేతిలోకి తీసుకుని చూశాను. రెండున్నర కిలోల దాకా ఉంది. దాని చార్జరు ఇటుకంత. మీరు బరువు గడి పెట్టలేదు. కంపెనీలు పెట్టినా చార్జరు లేకుండా చెబుతాయి. స్టూడియోలో కూర్చునేవాళ్లకి ఆ మెషీన్ మంచిదే, కాదనను. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో, ఫొటోలో గరుకు తీసే ఏఐ డీనాయిజ్ 2023లో వచ్చింది, అది గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తుంది. రాత్రి ముహూర్తాలు తీసే మాకు అది పెద్ద వరం. కానీ ఆ మెషీన్ సత్తా అంతా గోడకి తగిలించినంతసేపే. బ్యాటరీ మీద నడిచేటప్పుడు వేగం బాగా తగ్గించుకుంటుంది. 180, 230 వాట్ల చార్జరు కారు సాకెట్‌కి తగిలించే వీలూ లేదు.

చార్జింగ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మా జిల్లా అలాంటిది కనక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన కొబ్బరితోటల ఫొటోలు తీయడం ఒక ఎత్తు, వాటిని సాయంత్రానికి పంపడం ఇంకో ఎత్తు. అలాంటప్పుడు అక్కరకొచ్చేది టైప్‌-సి నుంచి చార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ ఒక్కటే. 65 వాట్ల కారు చార్జరు ఒకటి ఉంటే ఏ జీపు ఇంజినైనా మనకు కరెంటు ఆఫీసే. ల్యాప్‌టాప్‌కి చాలినంత వాట్లు ఇచ్చే 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో ఉండేది 74 వాట్-అవర్లు. నష్టాలు పోను చిన్న ల్యాప్‌టాప్‌ని ఇంచుమించు ఒకసారి నింపుతుంది. ఫోన్ల కోసం అమ్మే మామూలు పవర్‌బ్యాంకు ఈ పనికి రాదు, వాట్లు చూసే కొనాలి. అయితే జాగ్రత్త, టైప్‌-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి చార్జ్ అవుతుందని కాదు. కొన్నిట్లో అది డేటాకి మాత్రమే. ఈ ఒక్క ముక్క మీ పట్టికలో 'అవును, కాదు' అని వేస్తే చాలు, ఎంతమందికి మేలు.

రైలు ప్రయాణాల్లో చేసేవాళ్లకి ఇంకో మాట. చాలా బోగీల్లో సాకెట్లు 110 వోల్టులవే. ల్యాప్‌టాప్ చార్జరు మీద 100-240 అని రాసి ఉంటుంది కనక నడుస్తుంది. కానీ రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా చాలా రైళ్లలో ఆ సాకెట్లు ఆపేస్తారు. పని ఉంటే పదకొండులోపే బ్యాటరీ నింపుకోవాలి.

ఇక కెమెరా మెమరీ కార్డు పెట్టే రంధ్రం. సన్నగా చేస్తామని కంపెనీలు దాన్ని పీకేస్తున్నాయి, లేదంటే ఫోన్లకి వాడే చిన్న కార్డుది పెట్టి ఊరుకుంటున్నాయి. లేకపోతే రీడరు కొనుక్కోవచ్చు, తప్పులేదు, కానీ పాత యూఎస్‌బీ 2.0 రీడరు కొనొద్దు. దాని వేగం సెకనుకి 40 ఎంబీ దాటదు. 64 జీబీ కార్డు దించడానికి అరగంట పడుతుంది. యూఎస్‌బీ 3 రీడరుతో, 90 ఎంబీ వేగం ఉన్న కార్డయితే పన్నెండు నిమిషాల పని. సిరిమాను నాడు ఈ తేడా ఎంతో విజయనగరం వీధుల్లో నిలబడినవాళ్లకి తెలుసు. మాను గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరిగేలోగా పత్రిక డెస్కుకి రెండు ఫొటోలైనా వెళ్లాలి. ఆ జనంలో ఫోన్ నెట్‌వర్క్ ఎలాగూ మొరాయిస్తుంది, కార్డు దగ్గర కూడా ఆలస్యమైతే ఇంక చెప్పేదేముంది.

ప్రాసెసరు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. గత మూడు, నాలుగేళ్లలో వచ్చిన మధ్యరకం ఏదైనా పెళ్లి ఫొటోలకి సరిపోతుంది. ర్యామ్ మాత్రం 16 జీబీ ఉండాలి, లైట్‌రూమ్ వాళ్లు సిఫారసు చేసేది కూడా అంతే. ఇప్పుడు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది కాబట్టి తర్వాత పెంచుకుందామనే లెక్క కుదరదు. యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. కిలోంపావు బరువు, టైప్‌-సి చార్జింగ్, తెర రంగులు నిజంగా బాగుంటాయి, 2024 అక్టోబరు నుంచి 16 జీబీ కంటే తక్కువ ఇవ్వడం లేదు. కార్డు రంధ్రం లేదు. ఫ్యాను కూడా లేదు, అందుకని వందల ఫొటోలు ఒకేసారి ఎక్స్‌పోర్ట్ పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది. ప్రో మోడళ్లలో 2021 నుంచి కార్డు రంధ్రం మళ్లీ వచ్చింది, కానీ ఆ ధర పెట్టే బదులు నేనైతే లెన్సు కొంటాను.

నిల్వ సంగతి ఒకటి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు) పాతిక, ముప్పై ఎంబీలు. ఒక పెళ్లికి రెండు వేల ఫొటోలంటే 50, 60 జీబీలు. 512 జీబీ డ్రైవు వరసగా ముహూర్తాలున్న మాఘమాసంలో ఏ మూలకి? అలాగని లోపలి డ్రైవుకే వేలు గుమ్మరించక్కర్లేదు. అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా కొనుక్కుంటే అసలు ఫైళ్లు అందులో ఉంటాయి. లైట్‌రూమ్‌లో స్మార్ట్ ప్రివ్యూలు చేసుకుంటే 2540 పిక్సెళ్ల చిన్న నకళ్ల మీద, ఆ డ్రైవు తగిలించకుండానే, బస్సులో కూర్చుని రంగులు దిద్దుకోవచ్చు. పాతరకం తిరిగే హార్డ్‌డిస్కుని మాత్రం స్కూటీ డిక్కీలో వేసి మా రోడ్ల మీద తిప్పకండి. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క మంచిది: మూడు నకళ్లు, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే చోట. పెళ్లి రాత్రి మూడోది కుదరకపోతే, ఎస్‌ఎస్‌డీ ఒక సంచిలో, ఖాళీ చేయని కార్డులు నడుముకి కట్టుకున్న పర్సులో. పెళ్లి మళ్లీ తీయించరు కదా.

సర్వీసు గురించి దుకాణాలు ఎంత చెప్పినా, కొనే ముందు మన పిన్‌కోడుకి ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ వర్తిస్తుందో లేదో కంపెనీ వెబ్‌సైట్లో చూసుకోవాలి. విశాఖలో ఉన్నవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. ఇచ్ఛాపురంవాళ్లకి పెద్ద విషయమే.

అందుచేత సంపాదకులవారూ, మీరు మళ్లీ ఇలాంటి పట్టిక వేసేటప్పుడు తెర రంగుల శాతం ఎస్‌ఆర్‌జీబీలో ఎంతో, వెలుగు ఎన్ని నిట్సో, చార్జరుతో కలిపి బరువెంతో, టైప్‌-సి నుంచి చార్జ్ అవుతుందో లేదో, పెద్ద కార్డు రంధ్రం ఉందో లేదో వేయించండి. ఇవేవీ రహస్యాలు కావు. బరువొక్కటి తూకం వేయించాల్సి రావచ్చు, మిగతావన్నీ కంపెనీలు ఇచ్చే వివరాల్లో అట్టడుగున ఉంటాయి. కాగితంలో చోటు చాలదంటే గేమింగ్ స్కోరు గడి తీసేయండి, మా వైపు నుంచి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇట్లు,
ఒక పెళ్లి ఫొటోగ్రాఫరు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా