ఆరు నెలలు నిండిన బిడ్డకు పప్పుకట్టు చాలదు

సంపాదకులకు,

పసిపిల్లలకు తొలి ముద్ద పెట్టే విషయంలో మన ఇళ్లలో మొదటి పొరపాటు నెలల లెక్క దగ్గరే జరుగుతోంది. 'ఆరో నెల పడింది' అంటే బిడ్డకు నిండినవి ఐదు నెలలే. ఆడపిల్లకు బేసి నెల కావాలని ఐదో నెలలో అన్నప్రాశన చేస్తే నిండినవి నాలుగే. 180 రోజులు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. మగపిల్లాడికి సరి నెల చూసుకుని ఎనిమిదో నెల దాకా ఆగితే అదీ ఆలస్యమే. 180 రోజులు నిండి, మెడ నిలిపి, ఆసరాతో కూర్చోగలిగితే ఇంట్లో తిండి మొదలుపెట్టేయాలి. వేడుక తర్వాతైనా చేసుకోవచ్చు.

రెండో పొరపాటు పలచన. అరగదేమోనన్న భయంతో పప్పు మీది తేట, గంజి, చారన్నం పిసికిన నీళ్లు తాగిస్తారు. ఈ వయసు బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మి.లీ.; ఏడు కిలోల బిడ్డకు సుమారు 210 మి.లీ. అంత చోటునూ పప్పుకట్టుతో నింపితే బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. పప్పు గిన్నె అడుగునే ఉండిపోయింది కదా!

దీనికి బదులు కిచిడీ ఇలా వండండి: రెండు టేబుల్ స్పూన్ల బియ్యం, ఒక టేబుల్ స్పూన్ పెసరపప్పు, సన్నగా తరిగిన గుప్పెడు తోటకూర, ఒకటిన్నర కప్పుల నీళ్లు కుక్కర్లో పెట్టి నాలుగైదు కూతలు రానివ్వండి. పప్పుగుత్తితో మెదిపి, టీస్పూన్ నెయ్యి కలపండి. ఉప్పు వద్దు. చెంచా వంచి చూడండి: కారిపోతే పలచన, మెల్లగా జారి పడితే సరైన పాకం. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు పూటలు. ఎనిమిది నెలలు నిండేసరికి పూటకు అరకప్పు, రెండు మూడు పూటలు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించాలి. మిక్సీ జోలికి పోవద్దు. గంధంలా రుబ్బిన తిండికే అలవాటు పడిన పిల్లలు తొమ్మిది, పది నెలలు దాటాక కూడా చిన్న పలుకు తగిలితే ఉమ్మేస్తారు.

రాగిజావదీ ఇదే చిక్కు. చిక్కగా కాస్తే ముద్దవుతుంది, నీళ్లు పోస్తే సత్తువ పోతుంది. దీనికి మంచి ఉపాయం మొలక రాగులు. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక వచ్చాక నీడలో ఆరబెట్టి, సన్న సెగ మీద కాస్త వేడి చేసి పిండి పట్టించండి. గరిటె నిలబడేంత గట్టిగా వండిన జావ దించి, పొగలు తగ్గాక టీస్పూన్ మొలక పిండి కలపండి. కాసేపటికే కళ్ల ముందే జారుగా అవుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడమే కారణం. ఆ తర్వాత మరోసారి ఉడుకు రానిచ్చి, చల్లార్చి పెట్టాలి. పిండిని ఎర్రగా వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, జావ గట్టిగానే ఉంటుంది.

ఇక ఇనుము సంగతి. పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న ఇనుము ఆరు నెలలకు అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండేది తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6-59 నెలల పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. అందుకే పూర్తిగా ఉడికిన గుడ్డు, తెల్లసొనతో సహా, ఆరు నెలలు నిండినప్పటి నుంచే పెట్టవచ్చు. తినేవాళ్లయితే వారానికోసారి మెత్తగా ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్క మెదిపి పెట్టండి. శాకాహారులు కిచిడీలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పప్పులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున. విరేచనం నల్లగా వస్తోందని చాలామంది భయపడి మానేస్తున్నారు. అది ఇనుము రంగే.

చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ మాత్రం దయచేసి వద్దు. చక్కెర ఒకటి, ఉన్న ఇనుమును ఒంటబట్టనివ్వని చాయ్ ఇంకొకటి. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. పల్లీలు, పుట్నాలు గింజలుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి. మెత్తని పొడి చేసి కలపాలి. ఆన్‌లైన్‌లో అమ్మే ఇరవై దినుసుల ఉగ్గు పొడులు కొనేవాళ్లు ఒకటి ఆలోచించాలి: బిడ్డకు దద్దుర్లు వస్తే ఏ దినుసు పడలేదో ఎలా తెలుస్తుంది? కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, మూడేసి రోజుల ఎడంతో పెట్టాలి. పైగా బాదం, జీడిపప్పు కలిసిన పొడి మన ఎండలకు త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది. అంగన్‌వాడీ బాలామృతంలో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ వేయొద్దు.

మా విన్నపం ఒకటే. సర్కారు టీకాల పట్టికలో 14 వారాల సూది తర్వాత మళ్లీ పిలుపు 9 నెలలకే. తిండి మొదలుపెట్టాల్సిన రోజు సరిగ్గా ఆ ఖాళీలో పడుతోంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చే ఏర్పాటు ఉన్నా, నగరంలో అద్దె ఇళ్లు మారే కుటుంబాలు అందకుండా పోతున్నాయి. కాబట్టి 14 వారాల సూది రోజునే బస్తీ దవాఖానాల్లో గిన్నె, చెంచా పట్టి కిచిడీ ఎంత గట్టిగా ఉండాలో తల్లికీ, వెంట వచ్చిన అమ్మమ్మకో నానమ్మకో చూపించాలని, బిడ్డకు 180 రోజులు నిండే తేదీని టీకా కార్డు మీద రాసివ్వాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.

– శిశు పోషణ కౌన్సెలర్లు, హైదరాబాద్