రాజులు ఏథెన్స్‌కు వచ్చింది చుట్టరికంతోనే

సంపాదకుడు గారికి,

ఐరోపాలో ఒక మాజీ రాజు కన్నుమూసి, ఇతర దేశాల రాజులు, రాణులు అంత్యక్రియలకు తరలివచ్చినప్పుడల్లా, దాన్ని రాచరికానికి సంఘీభావంగా చిత్రించడం మన విదేశీ వార్తల పేజీలకు పరిపాటి అయింది. గ్రీసు మాజీ రాజు రెండో కాన్‌స్టంటైన్ విషయంలోనూ అదే జరిగింది. ఇది సరైన వ్యాఖ్యానం కాదు.

2023 జనవరి 16న ఏథెన్స్ ప్రధాన చర్చికి వచ్చినవారి వరసలు చూడండి. స్పెయిన్ మాజీ రాణి సోఫియా ఆయనకు స్వయానా అక్క. ఆమె భర్త హువాన్ కార్లోస్ బావ, ప్రస్తుత రాజు ఫెలిపె మేనల్లుడు. అప్పటి డెన్మార్క్ రాణి మార్గరెథె ఆయన భార్య ఆన్ మరీకి అక్క, అంటే ఆయనకు వదిన. స్వీడన్ రాజు కార్ల్ గుస్తావ్ ఆన్ మరీకి మేనమామ కొడుకు. బ్రిటన్ యువరాణి యాన్ తండ్రి ఫిలిప్, కాన్‌స్టంటైన్ తండ్రి పాల్ అన్నదమ్ముల బిడ్డలు. కనుక ఇంగ్లిష్ వార్తా సంస్థలు కజిన్ అనే ఒక్క మాటతో సరిపెట్టే ఈ ఇద్దరూ మన లెక్కలో అన్నాచెల్లెళ్లే. అయితే చుట్టాలందరూ రాలేదన్నదీ నిజమే: బ్రిటన్ రాజు చార్లెస్ రాలేదు, బాప్తిస్మంలో కాన్‌స్టంటైన్ జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) నిలిచిన ఆయన కొడుకు విలియం కూడా రాలేదు.

గ్రీసు ప్రభుత్వం అధికార లాంఛనాలు ఇవ్వలేదు. 1967లో సైనిక కుట్రదారుల ప్రభుత్వం చేత ఆయన ప్రమాణం చేయించడాన్ని చాలామంది గ్రీకులు మరువలేదు. 1974 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 69 శాతం మంది రాచరికం వద్దన్నారు. ఆ తీర్పును ప్రభుత్వం గౌరవించడం సబబే. అయినా బంధువులు వచ్చారు. చర్చి పక్కనే ఉన్న సెయింట్ ఎలెఫ్తెరియోస్ అనే చిన్న గుడిలో ఉంచిన భౌతికకాయాన్ని చూడటానికి ఏథెన్స్ వాసులు ఆ ఉదయం బారులు తీరారు. తర్వాత రాజకుటుంబపు పాత ఎస్టేటు తతోయ్‌లో తల్లిదండ్రుల సమాధుల దగ్గరే ఆయన్ను ఖననం చేశారు.

2017 డిసెంబరులో రుమేనియా తన మాజీ రాజు మైఖేల్‌కు అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికినప్పుడూ సోఫియా, హువాన్ కార్లోస్, కార్ల్ గుస్తావ్ వెళ్లారు. మైఖేల్ సోఫియాకు మేనత్త కొడుకు. లాంఛనాలు ఇవ్వాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల నిర్ణయం; కాన్‌స్టంటైన్ అంత్యక్రియలు జరిగిన వారంలోనే తెలంగాణ ప్రభుత్వం చివరి నిజాం మనవడు ముకర్రం జాకు అధికార లాంఛనాలతో హైదరాబాద్‌లో అంత్యక్రియలు జరిపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చుట్టాలు రావడం వేరే సంగతి.

ఇకముందు ఇలాంటి ఫొటోలు ప్రచురించినప్పుడు, హోదాతో పాటు మృతుడికి ఏమవుతారో కూడా పేరు పక్కన వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్