పిడుదుల జ్వరాన్ని పసిగట్టే పరీక్ష దగ్గరలోనే ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

వానలు మొదలయ్యాక మన ఆసుపత్రులకు జ్వరంతో వచ్చేవారికి ముందుగా మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేస్తారు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి అవే కనుక అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే ప్లేట్‌లెట్లు పడిపోయి, డెంగీ కాదని తేలిన రోగికి ‘వైరల్ జ్వరం’ అని చీటీ రాసి ఊరుకోవడం, గొర్రెల పెంపకమే జీవనాధారంగా వేల కుటుంబాలు బతికే అనంతపురం ప్రాంతంలో సరైన పని కాదని నా అభిప్రాయం. పశువుల ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదుల వల్ల వచ్చే రక్తస్రావ జ్వరాల సంగతి కూడా అప్పుడు ఆలోచించాలి.

వాటిలో క్రిమియన్ కాంగో జ్వరం మన దేశంలో తొలిసారి బయటపడింది 2011 జనవరిలో, గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లాలో. రోగి మరణించిన తరువాతే జబ్బు పేరు తెలిసింది. ఈలోగా ఆమెకు వైద్యం చేసిన డాక్టరుకు, సేవలు చేసిన నర్సుకు అది సోకి వారిద్దరూ ప్రాణాలు కోల్పోయారు. సోకినవారిలో నూటికి 10 నుంచి 40 మంది వరకు మరణించే ఈ జబ్బు రోగి రక్తం ద్వారా ఆసుపత్రి సిబ్బందికీ అంటుకుంటుంది కనుక, నిర్ధారణలో జరిగే ప్రతి రోజు ఆలస్యానికీ వార్డులో ఉన్నవారందరూ మూల్యం చెల్లించవలసి వస్తుంది. మన జిల్లాలో ఈ జబ్బు ఉందని నేను అనడం లేదు. మనుషుల్లో ఇది ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లలోనే కనిపించింది. కానీ పశువులు, మేకలు, గొర్రెల రక్తంలో దీని ఆనవాళ్లు దేశంలోని పలు రాష్ట్రాల్లో దొరికాయి.

చిక్కంతా ఏమిటంటే, వైరస్ ఒంట్లో ఉన్న గొర్రె మామూలుగానే మేస్తుంది, నెమరు వేస్తుంది. దాని చెవి మడతలోనో పొదుగు పక్కనో పట్టుకున్న పిడుదును కాపరి వేళ్లతో పీకి, గోటితోనో రాతిమీదనో చిదుముతాడు; అదే చేత్తో సద్ది విప్పుకుంటాడు. కబేళాలో పనిచేసేవారికి చేతి తొడుగులు ఎక్కడుంటాయి? అందుకే జ్వరం ఓపీ చీటీ మీద ‘గొర్రెలు కాస్తావా, మాంసం కోసే పని చేస్తావా, పిడుదు కరిచిందా’ అనే ప్రశ్నలు అచ్చువేయించాలి. పైసా ఖర్చు లేని ఆ ప్రశ్న అడగకపోతే, ఎంత మంచి యంత్రం ఉన్నా నమూనా దాని దాకా వెళ్లదు.

నమూనా తీసేటప్పుడు జ్వరం వచ్చి ఎన్ని రోజులైందో తప్పక రాయాలి. తొలి రోజుల్లో వైరస్‌ను నేరుగా పట్టేది ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తొలుత తయారయ్యే ఐజీఎం ప్రతిరక్షకాలు సుమారు అయిదో రోజు తరువాత గాని కనిపించవు. విషమించిన రోగుల్లో కొందరికి అవి తయారే కావు. కాబట్టి మూడో రోజున చేసిన ఐజీఎం పరీక్షలో ‘లేదు’ అని వస్తే దాన్ని నమ్మి రోగిని మామూలు వార్డులో పడుకోబెట్టడం ప్రమాదం.

ఇప్పుడు అనుమానిత నమూనాలు చివరికి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు చేరాలి. తుది నిర్ధారణ అక్కడే జరగనివ్వండి, కాని తొలి కబురు ఇక్కడే అందాలి. క్షయ పరీక్షలకు వాడే, కోవిడ్ సమయంలో మనమూ వాడుకున్న ట్రూనాట్ వంటి చిన్న పీసీఆర్ యంత్రాలు కొన్ని గంటల్లోనే ఫలితం ఇస్తాయి. కర్ణాటకను పీడించే క్యాసనూరు అడవి జ్వరానికి అలాంటి యంత్రంపై పనిచేసే పరీక్షను పుణె సంస్థే సిద్ధం చేసింది. కాంగో జ్వరానికి కూడా ఆ తరహా పరీక్ష సామగ్రిని అనంతపురం, కర్నూలు వైద్య కళాశాలల ప్రయోగశాలలకు సమకూర్చి, రక్తాన్ని జాగ్రత్తగా తీసి మూడు పొరల్లో కట్టి పంపడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ఫలితం వచ్చేదాకా రోగిని విడిగా ఉంచే గది, తొడుగులు, మాస్కులు ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఉండాలి. మందల్లో రక్త నమూనాల సర్వేను పశుసంవర్ధక శాఖ వచ్చే వానాకాలానికి ముందే పూర్తిచేయాలి.

ఇట్లు,
విశ్రాంత పశువైద్య ఉద్యోగి,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా