నాలుగు తడి దుప్పట్లు ఆరేస్తే ముట్టడా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న బుధవారం మీ జిల్లా ఎడిషన్ మూడో పేజీలో ‘పోలీస్ స్టేషన్ ముట్టడి: ఏడుగురిపై కేసు’ అని వార్త వేశారు. ఆ ముట్టడిని నేను రోడ్డుకి ఇవతల టీ బంకు దగ్గర నిలబడి కళ్లారా చూశాను. ఏడుగురు పిల్లలు స్టేషన్ ప్రహరీ మీద నాలుగు తడి దుప్పట్లు ఆరేసి, దాని కింద కూర్చున్నారు. ‘వీటిని ఎవరు తడిపారు?’ అని ఒక అట్టముక్క మీద రాసి పట్టుకున్నారు. గేటుకి అడ్డం కూర్చోలేదు, జీపులు వస్తూ పోతూనే ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో అందర్నీ వ్యాను ఎక్కించేశారు. మా మేనమామ హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు. నాలుగు దుప్పట్లతో స్టేషన్‌ని ముట్టడించవచ్చని ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు.

దుప్పట్లు ఎందుకు తడిశాయో మీ వార్తలో లేదు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

మా ఇల్లు పాత బస్టాండు వెనక సందులో. ఆదివారం రాత్రి ఒంటిగంటన్నర వేళ కేకలు వినిపిస్తే డాబా మీదికెళ్లాను. మర్నాడు మంత్రిగారు వచ్చే దారి అది. మూసిన షట్టర్ల ముందు అరుగుల మీద పడుకునేవాళ్లని లేపుతున్నారు. ఒకాయన బకెట్టుతో నీళ్లు కుమ్మరిస్తూ పోతున్నాడు, వెనకాల మరొకాయన లాఠీతో వస్తున్నాడు. లైటు సరిగా లేదు కాబట్టి ఎవరిని ఎవరు కొట్టారో నేను చెప్పలేను. చెప్పలేనిదాన్ని చెప్పను కూడా. కానీ ఆ తర్వాత నా చేత్తో కట్టు కట్టిన గాయం గురించి మాత్రం చెప్పగలను.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఒక్కేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. గురువారం రాత్రుళ్లు ఆ పిల్లలు అరుగుల దగ్గర పులిహోర పొట్లాలు పంచుతారు. నేను కూడా డెట్టాలు, దూది పట్టుకుని వెళ్తాను. ఇంటికప్పు లేనివాళ్లకి కాళ్లే ముందు పాడవుతాయి. పగుళ్లు, పుళ్లు, షుగరున్నవాళ్లకైతే మానని కురుపులు. బస్సుల్లో దువ్వెనలు, తాళంచెవుల గొలుసులు అమ్మే పెద్దాయన ఒకడున్నాడు. డెబ్బై దాటి ఉంటాడు. సోమవారం పొద్దున పిల్లలు ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. మోకాలి కింద ఎముక మీద చర్మం చిట్లితే రాత్రే ఆసుపత్రిలో అయిదు కుట్లు వేశారు. చీటీలో ‘జారి పడినట్లు చెబుతున్నాడు’ అని రాసుంది.

చొక్కా తీయించి వీపు చూశాను. రైలు పట్టాల్లాగా రెండేసి ఎర్రటి గీతలు, వాటి మధ్య చర్మం మామూలు రంగులోనే ఉంది. అలాంటివి మూడు జతలు. మెట్ల మీద పడితే, కాలవలో పడితే, బస్సులోంచి పడినా సరే, ఒంటి మీద అలాంటి పట్టాలు పడవు. గుండ్రటి కర్ర విసురుగా తగిలినచోట చర్మం కింద రక్తం రెండు పక్కలకీ చిమ్మి ఆ గీతలు పడతాయి. క్యాజువాలిటీలో నెల రోజులు డ్యూటీ చేసిన ఏ నర్సుకైనా ఈ సంగతి తెలుసు. “తాతా, పడ్డానని ఎందుకు చెప్పావు?” అంటే, “పోలీసు పక్కనే నిలబడ్డాడమ్మా, మరేం చెప్పమంటావు?” అన్నాడు. కొట్టినట్టు చెబితే డాక్టరు ఎం.ఎల్.సి. రాయాలి, అంటే పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు. రాస్తే ఆ కబురు వెళ్లేది ఎవరికి? ఆసుపత్రి అవుట్‌పోస్టులో కూర్చున్న పోలీసుకే.

ఆ రాత్రి ఆయన్ని ఆటో ఎక్కించింది కూడా ఒక కుర్ర కానిస్టేబులేనట, డబ్బులు కూడా తనే ఇచ్చాడట. అది కూడా రాయకపోతే నాకు పాపం.

‘బిచ్చగాళ్లను ఖాళీ చేయించాం’ అని అధికారులు అన్నట్టు మీరే రాశారు. దువ్వెనలు అమ్ముకునేవాడు బిచ్చగాడెలా అయ్యాడో అడగలేదు. ఈ ఊడ్పు మనకి కొత్త కాదు లెండి. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. రోడ్ల మీద అడుక్కోకూడదని పోలీసు కమిషనరు రెండు నెలలపాటు ఉత్తర్వు ఇచ్చారు. దొరికినవాళ్లని జైళ్ల శాఖ నడిపే ఆనందాశ్రమానికి తరలించారు. బిచ్చగాణ్ణి చూపిస్తే 500 రూపాయలు ఇస్తామని కూడా ఆ శాఖ ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు అక్కడి చట్టంలో అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లని కొట్టేసింది. అంతకుముందు, 2011 జూన్‌లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద లాఠీలు, బాష్పవాయువు ప్రయోగించినప్పుడు సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, నిద్ర కూడా జీవించే హక్కులో భాగమేనని 2012 తీర్పులో చెప్పింది. అరుగు మీద నిద్ర నిద్ర కాదని అందులో ఎక్కడా లేదు.

షెల్టరుకి వెళ్లొచ్చు కదా అంటారు. లక్ష జనాభాకి కనీసం వందమందికి సరిపడే శాశ్వత షెల్టరు ఉండాలని, పట్టణ పేదల కోసం కేంద్రం నడిపిన పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధన పెట్టింది. మా ఊరి జనం రెండు లక్షలు దాటారు. ఉన్నది ఒకటే, అదీ రెండో అంతస్తులో. ఆధార్ అడుగుతారు. మోకాళ్లు అరిగినవాడు మెట్లెక్కేదెలా, సంచీ దొంగలెత్తుకుపోయినవాడు కార్డు తెచ్చేదెలా?

ఇక పిల్లల సంగతి. బి.ఎన్.ఎస్. (భారతీయ న్యాయ సంహిత) 132 పెట్టారు, అంటే పాత ఐ.పి.సి. 353. ఉద్యోగి విధులు చేయకుండా దౌర్జన్యం చేశారని. బెయిలు ఇవ్వక్కర్లేని సెక్షను, రెండేళ్ల వరకు జైలు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇవ్వడం పద్ధతి. ఆ ఏడుగురిలో ఎవరికీ ఇంతవరకు నోటీసు రాలేదు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరి ఇంటికెళ్లి ‘మీవాణ్ణి రేపు ఎత్తుకెళ్తాం’ అని మాత్రం చెప్పి వస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఈమధ్యే ఉద్యోగానికి ఎంపికైంది, వెరిఫికేషను మిగిలింది. ఆ వెరిఫికేషను చేసేది కూడా పోలీసు శాఖే. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, “మేడం, మీరు మొదలుపెట్టిందే కదా ఈ కట్లు కట్టడం” అంది. నాకు నోట మాట రాలేదు.

గాయాల ఫొటోలు తేదీ, టైముతో సహా నా ఫోన్లో ఉన్నాయి. ఏ విచారణకైనా వచ్చి చెబుతాను. మీ విలేకరి ఎఫ్.ఐ.ఆర్. కాపీ చదివి వార్త రాశారు, ఆ పెద్దాయన వీపు చూడలేదు. చూసి రాయండి, అదే మూడో పేజీలో, అంతే సైజులో.

ఒక చిక్కుంది. మంగళవారం నుంచి ఆయన అరుగు మీద కనిపించడంలేదు. కుడికాలికి కట్టు, భుజాన ఆకుపచ్చ సంచి, అందులో దువ్వెనలు ఉంటాయి. ఏ బస్సులోనైనా కనిపిస్తే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుట్లు పదో రోజుకి తీయాలి.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు
(పేరు, చిరునామా మీ కార్యాలయానికి ఇచ్చాను. దయచేసి అచ్చువేయకండి.)