పిల్లల పేజీలో చేప లోపలి బొమ్మ కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒడిశాలో గోపాల్‌పూర్ అండి. మా వాడలో ఇళ్ళల్లో అందరం తెలుగే మాట్లాడుకుంటాం గానీ పిల్లల చదువు మాత్రం ఒడియా మీడియం, లేదంటే ఇంగ్లిష్ మీడియం, మా పాపకి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిందే మీ ఆదివారం పిల్లల పేజీతో. మొన్న అందులో చేప బొమ్మ వేశారు, చాలా సంతోషం, కానీ కన్ను, రెక్క, తోక, పొలుసు అని నాలుగు పేర్లు రాసి వదిలేశారు, పైగా పక్కన సొరని పెట్టి రెండూ ఒకటే అన్నట్టు చూపించారు. అది తప్పండి. సొరకి ముల్లే ఉండదు, ఒళ్ళంతా మన చెవి డొప్పలో ఉంటుందే అలాంటి మెత్తెముకే, మొప్పల దగ్గర కూడా మూత ఉండదు, పక్కన అయిదారు చీలికలు బయటికే కనపడతాయి. ముల్లున్న చేపకైతే ఒక్కో పక్క ఒక్కో మూత, అది ఎత్తి ఎర్రగా ఉందా లేదా చూసే కదా మనం కొనేది!

మా అమ్మ కత్తిపీట మీద గొరస కోస్తుంటే పాప పక్కనే కూర్చుంటుంది. పొట్టలోంచి తెల్లగా ఒక తిత్తి వస్తుంది, గాలి తిత్తి, నీళ్ళలో మునిగిపోకుండా పైకి తేలిపోకుండా చేపని నిలబెట్టేది అదే, గొరస దాన్ని కండతో అదిరించి గురగుర చప్పుడు కూడా చేస్తుంది. తల పగలగొడితే రెండు తెల్ల రాళ్ళు, అవి దాని చెవి రాళ్ళు, చెట్టు మొద్దులో లాగే వాటిలో వలయాలుంటాయి, సైంటిస్టులు అవి లెక్కపెట్టే చేప వయసు చెప్తారు. పాప ఆ రాళ్ళు కడిగి అగ్గిపెట్టెలో దాచుకుంది. అదే కోనెం, అంటే మీ వంజరం, కోస్తే ఆ తిత్తే ఉండదు, అందుకే అది ఆగకుండా ఈదుతూనే ఉండాలి.

ముల్లున్న చేపల్లో 30,000 పైగా రకాలున్నాయి. గుర్రం మూతితో నిలువుగా ఈదే సముద్రపు గుర్రం కూడా వాటిల్లోదే, పుట్టినప్పుడు రెండు పక్కలా కళ్ళుండి పెరిగేకొద్దీ ఒక కన్ను రెండో పక్కకి జరిగిపోయే నాలుక చేప కూడా వాటిల్లోదే. చెరువులో కొరమీను చూడండి, మొప్పలుండి కూడా పైకొచ్చి గాలి పీల్చుకోవాలి, రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. మా వాళ్ళు ఇలిసి అని పిలిచే పులసకి కండ నిండా సన్న ముళ్ళు, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది.

మా పాపకి స్కూల్లో ఒపర్క్యులమ్ అని నేర్పారు, రోజూ పొద్దున్న వాళ్ళ అమ్మమ్మ వేలితో ఎత్తే మొప్ప మూతే అదని మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకది చాలా బాధేసింది. ఒక్క ఆదివారం చేపని నిలువునా కోసినట్టు బొమ్మ వేసి మొప్ప మూత, గాలి తిత్తి, చెవి రాయి, నడి ముల్లు అని మన మాటల్లోనే రాయండి, సొర బొమ్మ వేరే గడిలో పెట్టండి. మీ ఆర్టిస్టు గారికి చూసి గీయడానికి చేప కావాలంటే తెల్లారి పడవలొచ్చే టైమ్‌కి మా ఒడ్డుకి పంపండి, మా అమ్మే కోసి చూపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గోపాల్‌పూర్, గంజాం జిల్లా