కొండగోగు పూసింది

పర్లాకిమిడి

చి. బుజ్జికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది. పనెక్కువై ఉంటుందిలే. శివరాత్రికి మహేంద్రగిరి వెళ్ళొచ్చాం. మోకాళ్ళ నొప్పితోనే మీ నాన్న భీముడి గుడి దాకా ఎక్కేశారు. కొండ ఎత్తు 1501 మీటర్లని దారి పొడుగునా అందరికీ చెప్పారు.

కింద మోదుగలు ఎర్రగా విరగబూశాయి. రాళ్ళ మధ్య కొండగోగు కూడా. ఒక్క ఆకు లేదు, బోడి కొమ్మల చివర అరచెయ్యంత పసుపు పువ్వులు, నడుమ కేసరాలు కుచ్చులా. ఇప్పలు ఇంకా మొగ్గ తొడగలేదు.

రాజాం పిన్ని వచ్చింది. నువ్వు ఉద్యోగం మానేశావని ఎవరో అన్నారట. నేను నమ్మలేదు. అడగడం లేదు కూడా.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఇదే దారిలో తప్పిపోయావు, గుర్తుందా? తాతయ్య చెయ్యి వదిలి కొండగోగు పువ్వుల కోసం పక్కకి దిగిపోయావు. శ్రీను గొంతు పోయేలా అరిచాడు. నాకు కాళ్ళలో సత్తువ లేదు. చివరికి కట్టెలు మోసుకొస్తున్న ఓ సవర ముసలమ్మ చెట్టు కిందకి వేలు చూపించింది. ఒడి నిండా రాలిన పువ్వులు పెట్టుకుని కూర్చున్నావు. నవ్వుతూ లేచి మాతో కిందకి నడిచావు. రాత్రి నిద్రలో నా కాలు తగిలి కేక పెట్టాకే తెలిసింది, అరికాల్లో ముల్లు విరిగి ఉందని. తాతయ్య లాంతరు పెట్టుకుని పిన్నీసుతో తీశారు. ముందే ఎందుకు చెప్పలేదే అంటే, 'నువ్వు బాధపడతావని' అన్నావు. మర్నాటికి పాదం బూరెలా పొంగింది. వారం రోజులు బడికి పోలేదు.

ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను గానీ, పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోకు. అద్దె బాకీ పెట్టకు. రాత్రిపూట మజ్జిగన్నమైనా తిను, బిస్కెట్లతో సరిపెట్టకు. నీ గదిలో పరుపు ఎండలో వేయించాను, ఊరికే.

మీ నాన్న ఫోను దిండు పక్కనే పెట్టుకుంటున్నారు. కందిపొడి, చింతకాయ పచ్చడి పార్సిల్ చేశాను. సీసా మూత సరిగా బిగిసిందో లేదో అనుమానంగా ఉంది. అందగానే కారిందో లేదో ఫోన్ చేసి చెప్పు. ఏ వేళైనా సరే.

మీ అమ్మ