వాన పడితే బడికి రాని అక్క

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

పరీక్షల తేదీలను పిల్లల డైరీలలో అతికించి పంపాము కనుక, ఈ నెల వార్తాలేఖలో నాకు కేటాయించిన పేజీని మరొక విషయానికి వినియోగిస్తున్నాను.

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి మన విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వీధులను ముంచెత్తిన తరువాత, ఆకాశం మబ్బు పట్టిన రోజులలో మన తరగతుల హాజరు పలచబడటం గమనిస్తూ వచ్చాను. గత సంవత్సరం ఏడవ తరగతి చదివిన ఒక అమ్మాయి అయితే వాన పడిన ప్రతిసారీ సెలవు పెట్టేది. మూడవసారి నేనే ఆమె డైరీలో "అకారణ గైర్హాజరు, తల్లిదండ్రులు వచ్చి కలవవలెను" అని ఎర్ర సిరాతో రాశాను. నాలుగిళ్లలో పాచిపని ముగించుకొని, తడిసిన చీరతోనే ఆ తల్లి వచ్చింది. ఆమె చిన్న కొడుక్కి ఆరేళ్లు, ఆటిజం ఉంది. రేకుల మీద వాన చప్పుడు మొదలుకాగానే చెవులు మూసుకొని తలను గోడకేసి కొట్టుకుంటాడు. ఆ సమయంలో అక్క పట్టుకుంటే తప్ప ఊరుకోడు. "దాన్ని చదివించుకోవాలనే నాకూ ఉందండీ, వాణ్ని ఎవరికి అప్పజెప్పి పనికెళ్లనండీ" అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ఎర్ర సిరా రాతకు ఆమెకు క్షమాపణ చెప్పాను. మీ అందరి ముందు మరొకసారి చెబుతున్నాను.

వరద రోజులు అందరినీ భయపెట్టాయి. అయితే "నాకు భయం వేసింది" అని చెప్పగలిగిన పిల్లలు నెమ్మదిగా తేరుకున్నారు. నిద్రలేచే వేళ, తినే కంచం, పడుకునే మూల ప్రతిరోజూ ఒకేలా ఉంటేనే కుదురుగా ఉండే ఆ బాబు మాత్రం చీకటిలో డాబా మీదికి, అక్కడి నుండి పడవలోకి, ఆపైన కిక్కిరిసిన పునరావాస కేంద్రంలోకి మారవలసి వచ్చింది. ఏం జరుగుతోందో అడిగేందుకు వాడికి మాటలు లేవు. వాన శబ్దానికి వాడు చేసే గోలను మొండితనమని, పెంపకం సరిగా లేదని ఇరుగుపొరుగు అంటున్నారట. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావేమో అని ఆ తల్లిని అడిగినవారు కూడా ఉన్నారు. ఆటిజం మెదడు ఎదుగుదలలో వచ్చే భేదం. దానికి గ్రహణమూ కారణం కాదు, తల్లి పెంపకమూ కారణం కాదు.

ఇటువంటి ఇళ్లలో బిడ్డను ఆసుపత్రికి తిప్పే తల్లి తన నిద్ర గురించి ఏ డాక్టరుకూ చెప్పుకోదు. అలసట వేరు, అనారోగ్యం వేరు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోవడం, ఊరికే ఏడుపు రావడం, బతికి ఏం లాభం అన్న తలంపు రావడం వైద్యం అవసరమైన లక్షణాలు. ఆ చివరి తలంపు వస్తే రెండు వారాలు ఆగనక్కరలేదు, అదే రోజు ఎవరికైనా చెప్పాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే పగలైనా రాత్రయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. తండ్రులను కూడా ఒకటి కోరుతున్నాను: ప్రోగ్రెస్ కార్డు మీద సంతకంతో ఆగకుండా, నెలకు ఒక్కసారైనా థెరపీకి బిడ్డను మీరు తీసుకువెళ్లండి. ఆ ఒక్క పూట ఆమె నిద్రపోగలుగుతుంది.

వరదలో ఆ ఇంటి కాగితాలన్నీ బురదపాలయ్యాయి, వాటిలో వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం ధ్రువపత్రం కూడా ఉంది. కాగితం పోయినంత మాత్రాన హక్కు పోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ఇబ్బంది) వాటిలో ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. జీతం ఉన్నా లేకపోయినా సంరక్షణ చేసే కుటుంబ సభ్యులను కూడా ఆ చట్టం సంరక్షకులుగా గుర్తిస్తుంది. పన్నెండేళ్ల ఆ అక్క చేస్తున్న పని ఎంతటిదో నాకు ఆ వాక్యం చదివాకే బోధపడింది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో దివ్యాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకు పెంచింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి), బుద్ధి వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఈ దరఖాస్తులు నింపడం కష్టమనిపిస్తే ఆఫీసు గదికి రండి, కలిసి నింపుదాం.

ఇంకొక సంగతి రాయక తప్పదు. "మా పిల్లను అలాంటి పిల్లల పక్కన కూర్చోబెట్టకండి" అని నాకు ఈ మధ్య రెండు ఉత్తరాలు వచ్చాయి. రాసినవారి ఆందోళనను నేను తేలికగా తీసుకోవడం లేదు, వచ్చి మాట్లాడితే తీరికగా వింటాను. కాని ఆ కోరికను మన్నించలేను. తరగతిలో ఎవరూ ఎవరినీ పిచ్చివాడు, మొద్దు అని పిలవకూడదని పిల్లలకు చెప్పాము. ఇంట్లో కూడా ఆ మాటలు వినపడకుండా చూడండి.

ఇకపై కారణం అడగకుండా డైరీలో గైర్హాజరు గురించి రాయము. తోబుట్టువుల సంరక్షణ కోసం ఆగిపోయిన పిల్లలకు ఆ రోజు పాఠాన్ని మరునాడు మధ్యాహ్న భోజన విరామం తరువాత చెప్పిస్తాము. ప్రతి నెలా రెండవ శనివారం సాయంత్రం 4 గంటలకు, ఇటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులు గ్రంథాలయం గదిలో కలుసుకోవచ్చు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో మాకు చెప్పినా, అది ఆ గది దాటి వెళ్లదు. పిల్లలను వెంట తీసుకురండి. ఆ గంటసేపు వారిని చూసుకోవడానికి ఇద్దరు ఉపాధ్యాయినులు పక్క గదిలో ఉంటారు. వాన పడినా ఆ సమావేశం జరుగుతుంది.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ